కుటుంబంతో కారులో బయలుదేరి, దారిలో ఫలహారం చేసి, సముద్రం దగ్గర ఉదయం గడపడం ఎలా?

పిల్లలూ పెద్దలూ కలిసి తెల్లవారుజామున కారులో బయలుదేరి, దారిలో ఆ ప్రాంతంవాళ్లు రోజూ తినే ఫలహారం తిని, ఎండ ముదరకముందే సముద్రం దగ్గర రెండు మూడు గంటలు గడిపి రావడం చిన్న పనిలాగే కనిపిస్తుంది. అయితే సరిగ్గా అమర్చుకోకపోతే ఆ ఉదయమంతా తొందరలోనే గడిచిపోతుంది. చాలామంది ముందు నిద్ర లేచే వేళ నిర్ణయించుకుని, చేరినప్పుడు చేరుదాం అనుకుంటారు. నేను దీన్ని వెనుక నుంచి మొదలుపెట్టమని చెబుతాను. సముద్రం మన వీలు చూసుకుని నడవదు కనుక ముందుగా దాని వేళ తెలుసుకోండి. దాన్నిబట్టి ఫలహారం వేళ, ఫలహారాన్నిబట్టి బయలుదేరే వేళ తేలుతాయి.

ముందు సముద్రం వేళ

మీరు వెళ్లబోయే తీరంలో ఆ రోజు పోటు (నీరు పైకి వచ్చే వేళ) ఎప్పుడు, ఆటు (నీరు వెనక్కి తగ్గే వేళ) ఎప్పుడు అన్నది మొదట చూడండి. ఆటుపోట్ల పట్టికలు ఏడాదికి సరిపడా ముందే లెక్కకట్టి ఉంటాయి; ఫోన్‌లో తీరం పేరుతో వెతికితే దొరుకుతాయి. చాలా తీరాల్లో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు వస్తాయి. ఒక పోటుకూ తరువాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు ఉంటుంది. భూమి ఒకసారి తిరిగి వచ్చేలోపు చంద్రుడు కూడా కొంత ముందుకు జరుగుతాడు కనుక ఈ వేళలు రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ ఉంటాయి. అందువల్ల పోయిన వారం ఎవరో వెళ్లి వచ్చి చెప్పిన వేళ ఈ వారం మీకు పనికిరాదు. రోజుకు ఒక్కసారే పోటు వచ్చే తీరాలు కూడా ఉన్నాయి కనుక పట్టిక చూడకుండా అంచనాతో వెళ్లకండి.

అమావాస్య, పౌర్ణమి నాడూ ఆ తరువాతి ఒకటి రెండు రోజులూ పోటు మరింత ఎత్తుకు వస్తుంది, ఆటు మరింత దూరం పోతుంది. నీటిమట్టం మారే వేగం కూడా అన్ని గంటల్లో ఒకేలా ఉండదు. ఆటు నుంచి పోటుకు పట్టే ఆరు గంటల్లో మొదటి గంటలోనూ చివరి గంటలోనూ నీరు కొద్దిగానే కదులుతుంది. నడిమి రెండు గంటల్లో మాత్రం మొత్తం పెరుగుదలలో దాదాపు సగం వచ్చేస్తుంది. ఇది పడవవాళ్లు వాడే ఉజ్జాయింపు లెక్క. ఇసుకలో చాపలు పరుచుకుని నిశ్చింతగా కూర్చున్న కుటుంబాలు ఒక్కసారిగా సామాను ఎత్తుకుని లేవవలసి రావడానికి కారణం ఇదే.

పిల్లలున్న కుటుంబానికి, నా అభిప్రాయంలో, ఆటు పూర్తి కావడానికి గంటన్నర ముందు చేరి, పోటు మొదలైన గంటకు లేవడం అన్నిటికన్నా అనుకూలం. ఇసుక విశాలంగా ఉంటుంది, తడి ఇసుక కావలసినంత దొరుకుతుంది, రాళ్ల మధ్య నిలిచిన నీటి మడుగుల్లో చిన్న ప్రాణులు కనిపిస్తాయి. ఒకసారి నేను ఇవేవీ చూసుకోకుండా మా వాళ్లను నిండు పోటు వేళకు తీసుకువెళ్లాను. కూర్చోవడానికి చారెడు ఇసుక కూడా మిగలలేదు; పిల్లలు గట్టు మీద నిలబడి నీళ్లు చూసి వచ్చారు. అప్పటినుంచి పట్టిక చూడకుండా తేదీ ఖాయం చేయడం మానేశాను. అయితే ఒక్క మాట గుర్తుంచుకోండి. ఆటు వేళ ఇసుక ఆటలకు మంచిదే గాని, చాలా తీరాల్లో లోపలికి లాగే ప్రవాహాలు ఆ వేళల్లోనే బలంగా ఉంటాయి. కనుక ఈతకు మాత్రం ఇది దానంతటదే మంచి వేళ కాదు.

ఆటుతోపాటు ఎండను కూడా లెక్కలోకి తీసుకోండి. ఎండ తీవ్రతను చెప్పే అతినీలలోహిత కిరణాల సూచిక (యూవీ ఇండెక్స్) 3 గాని అంతకు మించి గాని ఉన్నప్పుడు చర్మానికి రక్షణ అవసరమవుతుంది. చేతిలో ఏ పరికరమూ లేకపోతే మీ నీడ చూడండి. నీడ మీ ఎత్తుకన్నా పొట్టిగా ఉంటే ఎండ తీవ్రంగా ఉన్నట్టు లెక్క. మీరు ఎంచుకున్న రోజున ఆటు మధ్యాహ్నం పడుతుంటే, ఎండలో కూర్చోవడంకన్నా వారం ఆగడం మేలు. ఆటు వేళలు జరుగుతూ ఉంటాయి కనుక వారం తిరిగేసరికి ఉదయపు ఆటు దొరికే అవకాశం ఎక్కువ.

వెనక్కి లెక్క వేయడం

ఆ రోజు ఆటు ఉదయం 8:40కి అనుకోండి. అయితే 7:15 ప్రాంతంలో ఒడ్డున ఉండాలి, 9:40కి లేవాలి. ఫలహారం చేసే చోటు నుంచి ఒడ్డుకు పావుగంట దారి ఉంటే 7 గంటలకు తినడం ముగియాలి. పిల్లలతో తినడానికి ముప్పావుగంటకు తక్కువ పట్టదు కనుక 6:15కి అక్కడ కూర్చోవాలి. ఇంటి నుంచి అక్కడికి గంట ప్రయాణమైతే, దానికి దారిలో ఆగే పావుగంట కలిపి 5 గంటలకు బయలుదేరాలి. ఈ లెక్క కాగితం మీద వేసి ఇంట్లో అందరికీ కనిపించేలా పెట్టండి. వేళ ఎందుకు ముఖ్యమో తెలిసిన పెద్ద పిల్లలు మనం బతిమాలకుండానే లేచి కూర్చుంటారు. లెక్క వేశాక బయలుదేరే వేళ మరీ తెల్లవారుజామున పడుతుంటే దగ్గరి తీరాన్ని ఎంచుకోండి గాని నిద్రను కోసుకోకండి. రాత్రి రెండు మొదలు ఉదయం ఆరు వరకు శరీరం సహజంగానే నిద్రను కోరుతుంది. ఆ వేళల్లో బండి నడిపే మనిషి ముందు రాత్రి ఏడు గంటలైనా నిద్రపోయి ఉండాలి.

ఒక ఉదయానికి ఒక ఫలహారశాల, ఒక తీరం చాలు. దారిలో ఇంకా ఏవో చూడదగినవి ఉన్నాయని చేర్చుకుంటూ పోతే చివరికి నష్టపోయేది ఇసుకలో గడిపే సమయమే, పిల్లలు ఎదురుచూసేది దానికోసమే.

ముందురోజు చేయవలసినవి

టైర్లలో గాలిని బండి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. నడిచి వేడెక్కిన టైరులో ఒత్తిడి పెరిగి తప్పుడు లెక్క చూపిస్తుంది. ఎంత ఉండాలో చాలా బండ్లకు డ్రైవరు తలుపు అంచున అంటించిన చీటీలో రాసి ఉంటుంది. స్టెప్నీలో కూడా గాలి ఉందో లేదో చూడండి. తెల్లవారుజామున అద్దాలపై తేమ పడుతుంది కనుక వైపర్లను, హెడ్‌లైట్లను పరీక్షించి, అద్దాన్ని లోపలా బయటా తుడిచి పెట్టండి.

సామానును తీసే వరుసకు తలకిందులుగా సర్దండి. అంటే చివర కావలసిన పొడి బట్టలు, తువ్వాళ్లు డిక్కీ అడుగున, ఒడ్డుకు చేరగానే కావలసిన టోపీలు, చాప, నీళ్లు పైన ఉండాలి. తాగునీరు కాకుండా కాళ్లు కడుక్కోవడానికి ఒక పెద్ద డబ్బాడు మంచినీళ్లు విడిగా పెట్టుకోండి. తడి బట్టలకు ఒక సంచి, చెత్తకు మరో సంచి, చిన్న గాయాలకు కట్టు సామాను, పట్టకారు, మనిషికో జత పొడి బట్టలు అదనంగా ఉంటే సరిపోతుంది. ఎలక్ట్రానిక్ తాళంచెవి ఉన్న బండి అయితే దాన్ని నీరు చొరని చిన్న సంచిలో వేసి, నీళ్లలోకి దిగని మనిషి దగ్గర ఉంచండి. ఉప్పునీరు తగిలిన తాళంచెవి పనిచేయకపోతే ఇంటికి దూరంగా అందరూ ఇసుకలో నిలబడిపోవలసి వస్తుంది.

దారిలో

పసిపిల్లలు, చిన్నపిల్లలు వెనక సీట్లలో, వాళ్ల ఎత్తుకూ బరువుకూ తగిన చైల్డ్ సీట్లలోనే కూర్చోవాలి. దగ్గరే కదా అని ఒడిలో కూర్చోబెట్టుకోవడం ఎంతమాత్రం తగదు. బండి గట్టిగా ఆగిన క్షణంలో ఎంత బలమైన చేతులైనా బిడ్డను పట్టి ఉంచలేవు.

కారులో వాంతులు రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఎక్కువగా అవుతాయి. లోపలి చెవి కదులుతున్నామని చెబుతుంటే, పుస్తకం మీదో ఫోన్ మీదో నిలిచిన కళ్లు కదలడం లేదని చెబుతాయి. ఈ రెండు కబుర్లూ పొసగకపోవడమే వికారానికి మూలం. కనుక దారిలో ఫోన్లు, బొమ్మల పుస్తకాలు ఇవ్వకండి. దూరంగా కనిపించే చెట్లనో కొండనో చూపించి లెక్కపెట్టించండి, కిటికీ కొద్దిగా దించి గాలి ఆడనివ్వండి. బయలుదేరే ముందు కడుపు పూర్తిగా ఖాళీగా ఉన్నా, బరువుగా ఉన్నా ఇబ్బందే. కొద్దిగా పొడి తిండి పెట్టి, అసలు ఫలహారాన్ని దారికి వదిలిపెట్టండి. మందులు వాడదలిస్తే పిల్లల వైద్యుణ్ణి ముందే అడిగి ఉంచుకోవాలి.

ప్రయాణం రెండు గంటలు మించితే తప్పకుండా ఒకసారి ఆగి, పావుగంట నడవండి. కళ్లు బరువెక్కుతున్నట్టు అనిపించినప్పుడు పాటల శబ్దం పెంచడం, కిటికీ తెరవడం నిద్రను ఆపలేవు. బండిని సురక్షితమైన చోట నిలిపి ఇరవై నిమిషాలు కునుకు తీయడమో, మరొకరికి అప్పగించడమో చేయాలి.

ఆ ఊరి ఫలహారం

కొత్త చోట ఏది తినాలో బోర్డు చూసి తేల్చుకోవడం కష్టం. ఆ వేళకు అక్కడ ఎవరు తింటున్నారో చూడడమే మంచి పద్ధతి. పనికి వెళ్లే స్థానికులు నిలబడి తింటున్న చోట పదార్థం త్వరగా అమ్ముడుపోతుంది, మళ్లీ మళ్లీ తాజాగా తయారవుతుంది. మీ కళ్లముందే వండి, పొగలు కక్కుతుండగా వడ్డించే పదార్థం అన్నిటికన్నా నమ్మదగినది. వండిన ఆహారం సుమారు 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలిచి ఉంటే అందులో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. ఆ స్థితిలో రెండు గంటలకు మించి, గాలి బాగా వేడిగా ఉన్న రోజున గంటకు మించి ఉన్నదాన్ని తినకూడదని ఆహార భద్రతా నిపుణులు చెబుతారు. అందువల్ల ఎప్పుడు చేసి పెట్టారో తెలియని గోరువెచ్చటి పదార్థాలు, కోసి ఉంచిన పండ్లు, మూత లేని నీళ్లు పిల్లలకు పెట్టకండి. మిగిలినదాన్ని పొట్లం కట్టించుకుని ఒడ్డున తిందామని అనుకోవడం కూడా ఇందుకే మంచిది కాదు.

తెలియని రుచి పిల్లలకు బలవంతంగా పెడితే ఆ ఉదయం అక్కడే చెడిపోతుంది. ఒక్కొక్కటి చొప్పున తెప్పించి, అందరూ ఒక ముద్ద రుచి చూసి, నచ్చినదాన్ని మళ్లీ చెప్పండి. అప్పుడు పదార్థం వృథా కాదు, పిల్లలకు ఎంచుకున్నామన్న తృప్తి ఉంటుంది. వడ్డించేవారిని పదార్థం పేరు అడగండి, దేనితో చేస్తారో అడగండి. ఆ ఊరిమీద గౌరవం ఇంతకన్నా సులువుగా చూపించలేం, పైగా పిల్లలు కూడా అడగడం నేర్చుకుంటారు. ఇంట్లో ఎవరికైనా పప్పులు, గింజలు, పాలు, చేపలు వంటివి పడకపోతే ఈ ప్రశ్న మర్యాదకే కాదు, ప్రాణరక్షణకూ అవసరం. వాటి పేర్లను చీటీ మీద రాసి ఉంచుకుంటే, భాష తెలియని చోట దాన్ని చూపించవచ్చు.

తిన్న వెంటనే నీళ్లలో దిగితే నరాలు పట్టి మునిగిపోతారన్న భయం పాతది. దానికి గట్టి ఆధారం లేదు. అయినా నిండు కడుపుతో గెంతితే పిల్లలకు వాంతి వస్తుంది కనుక మొదటి అరగంట ఇసుకకు కేటాయించండి. మీరు వేసుకున్న లెక్కలో ఆ అరగంట ఎలాగూ ఉంటుంది. లేచే ముందు అందరినీ మరుగుదొడ్డికి పంపండి, ఒడ్డున ఆ సౌకర్యం ఉంటుందని అనుకోకండి. ఎండ తగలకుండా రాసే సన్‌స్క్రీన్ లేపనం కూడా ఇక్కడే రాస్తే బాగుంటుంది. ఎండలోకి వెళ్లడానికి పావుగంట ముందు రాసుకోవడం అవసరం, పైగా ఇసుక అంటిన ఒంటికి అది పట్టదు. ఎండ నుంచి ఎంత రక్షణ ఇస్తుందో చెప్పే ఎస్‌పీఎఫ్ అంకె 30 ఉన్న లేపనం చర్మాన్ని కమిలించే కిరణాల్లో 97 శాతం దాకా ఆపుతుంది. రెండు గంటలకొకసారి, నీళ్లలోంచి వచ్చి తుడుచుకున్న ప్రతిసారీ మళ్లీ రాయాలి. ఆరు నెలల లోపు పసివాళ్లకు మాత్రం లేపనం బదులు నీడ, పలుచటి నిండు బట్టలు, టోపీ ఇవ్వండి.

ఒడ్డున

బండిని ఇసుకలోకి తీసుకుపోకండి. చక్రం కూరుకుపోయాక పోటు మొదలైతే బయటికి లాగే అవకాశం నిమిషాలతో పోతుంది. గట్టి నేలమీద నిలిపి, అందరూ దిగారో లేదో వెనక సీటు తలుపు తెరిచి కళ్లతో చూడండి. నిద్రపోతున్నదని బిడ్డను కారులో వదిలి వెళ్లడం ఐదు నిమిషాలకైనా చేయకూడదు. ఎండలో నిలిపిన కారు లోపలి వేడి పది నిమిషాల్లోనే దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది, చిన్న బిడ్డ ఒళ్లు పెద్దవాళ్లకన్నా మూడు నుంచి ఐదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది.

ఒడ్డుకు చేరగానే పిల్లలను పట్టుకుని పది నిమిషాలు నీళ్లవైపు చూస్తూ నిలబడండి. ఈ పది నిమిషాలు దాటవేయవద్దని మిమ్మల్ని ప్రత్యేకంగా కోరుతున్నాను. కెరటాలు ఎక్కడ విరుగుతున్నాయో, ఎక్కడ విరగడం లేదో గమనించండి. కెరటాలు ఒడ్డుకు తోసిన నీరు తిరిగి పోవడానికి ఇసుక తిన్నెల మధ్య సందు వెతుక్కుంటుంది. ఆ సందులోంచి వేగంగా లోపలికి పోయే ధారనే రిప్ కరెంట్ అంటారు. చుట్టూ తెల్లగా నురగలు విరుగుతుండగా మధ్యలో ఒక పట్టీ ముదురు రంగులో ప్రశాంతంగా కనిపిస్తే, నురగ, నాచు దానివెంట లోపలికి పోతుంటే, అదే దాని గుర్తు. తెలియనివాళ్లు కెరటాలు లేవు కదా, పిల్లలకు బాగుంటుందని సరిగ్గా అక్కడే దిగుతారు. అది మనిషిని కిందికి ముంచదు, లోపలికి తీసుకుపోతుంది. దానికి ఎదురీది అలసిపోవడం వల్లే ప్రాణం పోతుంది. కనుక అందులో చిక్కినవాళ్లు వెల్లకిలా తేలుతూ చేయి పైకెత్తి సాయం పిలవాలని, శక్తి ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ఆ ధార నుంచి బయటపడి అప్పుడు ఒడ్డువైపు రావాలని ఇంట్లో అందరికీ నీళ్లలో దిగకముందే చెప్పి, వాళ్లచేత తిరిగి చెప్పించుకోండి. ఎవరైనా చిక్కుకుంటే ఒడ్డునున్నవాళ్లు వెంటనే దూకకూడదు. తేలే వస్తువేదైనా విసిరి, లైఫ్‌గార్డును పిలవాలి.

లైఫ్‌గార్డులున్న తీరాన్నే ఎంచుకోండి. చాలా దేశాల్లో పైభాగం ఎరుపు, కింది భాగం పసుపు ఉన్న జెండాల మధ్య భాగం వాళ్ల కాపలాలో ఉన్న చోటు. ఎర్రజెండా పెద్ద ప్రమాదానికి, రెండు ఎర్రజెండాలు నీళ్లలోకి ప్రవేశం లేదనడానికి, ఊదా జెండా కుట్టే సముద్ర ప్రాణులు ఉన్నాయనడానికి గుర్తు. గుర్తులు చోటునుబట్టి మారవచ్చు కనుక అక్కడి బోర్డు చదవండి.

చిన్నపిల్లలు నీటి అంచున ఉన్నంతసేపూ ఒక పెద్ద మనిషి చేయి చాస్తే అందేంత దగ్గర ఉండాలి. మునిగే బిడ్డ కేకలు వేయదు, చేతులు ఊపదు. నోరు నీటిమట్టం దగ్గర ఉన్నప్పుడు ఊపిరికే సరిపోదు, అరుపుకు ఎక్కడిది? చుట్టూ పదిమంది పెద్దలున్నా, అందరూ చూస్తున్నారనుకుని ఎవరూ చూడని క్షణమే ప్రమాదకరం. అందుకని పావుగంటకొకరు చొప్పున వంతు వేసుకోండి. వంతులో ఉన్న మనిషి ఫోన్ ముట్టకూడదు, కబుర్లలో పడకూడదు, తరువాతి వారి పేరు పిలిచి అప్పగించాకే లేవాలి. గాలి నింపిన తేలే బొమ్మలను సముద్రానికి తేకండి. నేలవైపు నుంచి గాలి వీస్తే అవి పిల్లలతో సహా లోపలికి కొట్టుకుపోతాయి.

ఇసుక ఆటలకు పోటు గీతకు కొంచెం కిందనున్న తడి ఇసుక మంచిది. రేణువుల మధ్య సన్నటి నీటి పొర వంతెనలా నిలిచి వాటిని పట్టి ఉంచుతుంది కనుక పొడి ఇసుక నిలబడదు, నీరు మరీ ఎక్కువైతే వంతెనలు కలిసిపోయి గోడ జారిపోతుంది. పిడికిట్లో నొక్కి తెరిచినప్పుడు ముద్ద విడిపోకుండా, నీళ్లు కారకుండా ఉంటే సరైన పాళ్లు కుదిరినట్టు. ఈ పరీక్ష పిల్లలకు నేర్పితే కోట కట్టడంలో మీ సాయం అక్కర్లేదు. గుంటలు మాత్రం ఆ బిడ్డ మోకాలి లోతు దాటనివ్వకండి, సొరంగాలు తవ్వనివ్వకండి. ఇసుక గోడలు చెప్పకుండా కూలతాయి, కింద చిక్కినవాళ్లకు ఊపిరి ఆడదు. వెళ్లేటప్పుడు గుంటలు పూడ్చండి.

రాళ్ల మడుగుల దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టి కదలకుండా చూడమనండి. రెండు నిమిషాలు నిశ్చలంగా ఉంటే దాక్కున్న ఎండ్రకాయలు బయటికి వస్తాయి. రాయి ఎత్తి చూస్తే మళ్లీ అదే తీరులో మెల్లగా పెట్టాలి. కింద బతికే ప్రాణులకు ఆ తడీ నీడా కావాలి. గవ్వ ఏరే ముందు లోపల ఎవరైనా కాపురం ఉన్నారేమో చూడాలి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన జెల్లీ చేపను, చచ్చినట్టు కనిపించినా సరే, తాకనివ్వకండి. తగిలితే రుద్దకుండా సముద్రపు నీటితోనే కడిగి, అంటుకున్న పోగులను పట్టకారుతో తీసి, లైఫ్‌గార్డుకు చూపించండి. జెల్లీ చేప రకాన్నిబట్టి చికిత్స మారుతుంది. ఊపిరి ఆడకపోయినా, నొప్పి విపరీతంగా ఉన్నా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి. ఉరుము వినిపిస్తే నీళ్లూ ఒడ్డూ వదిలి కారులోకి వెళ్లి, చివరి ఉరుము తరువాత అరగంట ఆగండి.

లేవడం, తిరిగి రావడం

9:40కి లేవాలనుకుంటే 9:15కే చెప్పడం మొదలుపెట్టండి. నీళ్లలోంచి ఒక్కసారిగా రమ్మంటే ఏ బిడ్డా రాదు. ముందు నీళ్లలోంచి ఇసుకకు, ఇసుకలోంచి చాప మీదకు, చాప మీదనుంచి కారుకు మూడు అంచెలుగా తీసుకురండి. చాప మీద ఉన్నంతసేపట్లో ఒళ్లు ఆరుతుంది. తడి ఇసుకను తుడిస్తే చర్మం గీసుకుపోతుంది గాని ఆరిన ఇసుక దులిపితే రాలిపోతుంది. కాళ్లవేళ్ల సందుల్లో మిగిలినదానికి కొద్దిగా మొక్కజొన్న పిండి చల్లి రుద్దితే తేమ పీల్చుకుని ఇసుకను వదిలిస్తుంది. ఆ తరువాతే డబ్బాలోని మంచినీళ్లతో కాళ్లు కడిగి, పొడి బట్టలు తొడిగి, కారెక్కించండి. మీ చెత్తతోపాటు చాప చుట్టుపక్కల పడి ఉన్న ఇతరుల ప్లాస్టిక్‌ను కూడా ఒక గుప్పెడు ఏరి సంచిలో వేసుకోండి.

ఎండ, ఉప్పుగాలి, పెందలాడే లేచిన అలసట కలిసి తిరుగు ప్రయాణంలో నిద్ర ముంచుకొస్తుంది. కనుక ఉదయం నడిపిన మనిషి కాక మరొకరు నడపడం మంచిది. మరొకరు లేకపోతే బయలుదేరే ముందే నీడలో ఇరవై నిమిషాలు కళ్లు మూసుకోండి. ఇల్లు చేరాక, ఎంత అలసటగా ఉన్నా, ఆ రోజో మరుసటి రోజో బండి అడుగుభాగం సహా మంచినీళ్లతో కడిగించండి. ఉప్పు తేమను పట్టి ఉంచి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. రాత్రి పడుకునే ముందు ఆ రోజు ఆటు వేళ, మీరు చేరిన వేళ, ఫలహారంలో పిల్లలు రెండోసారి అడిగిన పదార్థం పేరు ఒక పుస్తకంలో రాసి పెట్టండి. పక్కనే ఖాళీ గడి ఒకటి వదలండి. ఉదయం తొమ్మిది లోపు ఆటు పడే తరువాతి సెలవురోజు ఎప్పుడో పట్టికలో చూసి ఆ తేదీని అందులో రాయవచ్చు.